పక్కవాద్యం వాళ్ల చెవి

ఇప్పటి పిల్లలకి వేలు తిరగదని నేను అనను. మాకు ఇరవై ఏళ్లొచ్చినా పట్టుబడని వేగం వాళ్లకి పన్నెండేళ్లకే వచ్చేస్తోంది. నా గోడంతా వాళ్ల చెవి గురించే. పక్కవాద్యంగా వయొలిన్ పట్టేవాడికి చేతికన్నా ముందు చెవి తయారవ్వాలి. ఆ చదువు మాయమైపోతోంది.

మా గురువుగారిది విజయనగరం బాణీ. 1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు, వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామినాయుడుగారు. 1936లో నాయుడుగారే ప్రిన్సిపాలయ్యారు. ఆ బాణీలో సరళీవరుసలు, జంటవరుసలు మూడు కాలాల్లో వాయిస్తే సరిపోయేది కాదు, పాడి చూపించాలి. గొంతులో పలకని గమకం కమాను మీదికి రాదనేవారు గురువుగారు. నెడునూరి కృష్ణమూర్తిగారు విజయనగరంలో గాత్రంతోపాటు వయొలిన్ కూడా నేర్చుకున్నవారే. బాలమురళిగారు అంత గాయకుడై ఉండీ వయోలా, మృదంగం కూడా వాయించారు.

కీర్తనలు వచ్చాక అసలు పని మొదలయ్యేది. గురువుగారు కచేరీకి వెళ్తే వెనక తంబురా పట్టుకుని కూర్చోవాలి. వాయించకుండా వినడం, అదీ గంటల తరబడి. గాయకుడు రాగం ఆలపిస్తుంటే వయొలిన్ వెంట్రుకవాసి వెనకగా నడుస్తుంది. ఆయన నిలిచిన స్వరాన్ని పట్టి ఉంచుతుంది. మన వంతు వచ్చినప్పుడు వాయించే రాగం ఆయన పాడినదానికన్నా కాస్త కురచగా ఉండాలి. స్వరకల్పనలో జవాబు చెప్పేటప్పుడు లెక్క తప్పకపోతే చాలదు, ఎడుపు దగ్గరికి వచ్చేసరికి పాటని భద్రంగా ఆయనకి అప్పజెప్పాలి. గొంతు బాగాలేని రోజున ఆయన పై షడ్జం దగ్గర తడబడితే, మనం ఆ స్వరాన్ని నిండుగా లాగి సభకి తెలియనివ్వకూడదు. ఇవాళ ఒకటో శ్రుతిలో మగగొంతు, రేపు ఐదున్నరలో ఆడగొంతు. తీగల బిగువు మారితే కమాను మీద పెట్టే బరువూ మారాలి. ఇవన్నీ పుస్తకంలో రాసిస్తే వచ్చేవి కావు.

1948లో విజయవాడ రేడియో స్టేషన్ మొదలయ్యాక అన్నవరపు రామస్వామిగారి వంటివారు నిలయ విద్వాంసులుగా ఉండేవారు. ఈ పూట ఒకరికి, రేపు ఇంకొకరికి, ఎవరి బాణీ వస్తే ఆ బాణీకి తగ్గట్టు వాయించాలి. ఇంటిదగ్గర రేడియో ముందు కూర్చుని మేం వాళ్ల నుంచి నేర్చుకున్నదానికి లెక్కే లేదు.

ఇప్పుడు పాటల పట్టిక ముందే వాట్సాప్‌లో వచ్చేస్తోంది. రాగం పేరు, ఎడుపు, చివరికి ఏ చరణంలో నెరవులు చేస్తారో కూడా. పిల్లాడు దాన్ని ఇంట్లో వల్లెవేసి వస్తాడు. గాయకుడికి ఆ క్షణాన కొత్త ఊహ తోచిందా, వీడు వల్లెవేసిందే వాయిస్తాడు. మూడున్నర, నాలుగు గంటల కచేరీ రెండు గంటలకు కుదించుకుపోయింది. అందులో ముందు కోత పడేది వయొలిన్ వంతు రాగానికే. ఇక వాడికి ఆలోచించుకునే జాగా ఎక్కడిది?

అన్నిటికన్నా నన్ను బాధించేది తెరమీద పాఠం. డాలస్‌లో పిల్ల, హైదరాబాదులో గురువు. అంత దూరాన మన సంగీతం నేర్చుకోవాలనే ఆ పిల్ల తపనకి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. గురువు వాయించి ఆగాలి, పిల్ల వాయించి ఆగాలి. ఏళ్ల తరబడి నేర్చుకున్నా ఆ పిల్ల ఇంకొకరి గొంతు వెంట, అదే క్షణంలో ఒక్క అడుగు వేసి ఉండదు. డిసెంబరులో మద్రాసు వచ్చి వేదికెక్కినప్పుడు అది దాగదు. వేళ్లు అద్భుతంగా నడుస్తాయి, కళ్లు వయొలిన్ మీదే ఉంటాయి, గాయకుడి ముఖం ఒక్కసారి కూడా చూడదు.

ఆన్‌లైన్‌లో చెప్పే గురువులందర్నీ ఒక్కటే అడుగుతున్నాను. సెలవులకి ఆ పిల్లలు ఇక్కడికి వచ్చినప్పుడు కొత్త కీర్తనలు చెప్పకండి. ఒక నెలపాటు ఎదురుగా కూర్చోబెట్టుకుని, పట్టిక ఇవ్వకుండా, మీకు తోచిన రాగం పాడండి. వెంట నడవమనండి. తప్పినచోట ఆపకండి, మళ్లీ కలుసుకునేదాకా పాడుతూనే ఉండండి.