ఎగిరే టాక్సీకి సై, ఫోను తాళానికి నై

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, ఇంగోల్‌స్టాట్‌లో మనవాళ్ళ రాజకీయ చర్చకు ఈ ఒక్క సామెత చాలు. ఆడీ కంపెనీలోనో, దానికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే చిన్నాచితకా కంపెనీల్లోనో పనిచేసే ఇంజనీర్లు, ఇక్కడి టెక్నికల్ కాలేజీలో మాస్టర్స్ చదివే పిల్లలు శనివారం ఒకచోట చేరితే బిర్యానీ మూత తీయకముందే ప్రశ్న పుడుతుంది: టెక్నాలజీ తెలిసిన కొత్త పార్టీ వస్తే ఓటేద్దామా, వద్దా? పక్షాలు ఏర్పడతాయి. గొంతులు లేస్తాయి. అలకలు కూడా ఉంటాయి. "ఇంతకీ ఇక్కడ జర్మనీ ఓటు ఎవరికుంది?" అని అడిగారో, అందరూ రైతా గిన్నె వెతుక్కుంటారు.

ఉద్యోగ నివాసానుమతి అయిన బ్లూ కార్డుకు ఓటు లేదు. శాశ్వత నివాసానికీ లేదు. మూణ్ణెల్ల కిందట ఇటలీ నుంచి వచ్చి పిజ్జా కాలుస్తున్న కుర్రాడు యూరోపియన్ యూనియన్ పౌరుడు గనక ఈ ఊరి మేయర్‌ను ఎన్నుకోవచ్చు. పదేళ్ళుగా పన్ను కడుతున్న గుంటూరు ఆర్కిటెక్టు ఎన్నుకోలేడు. పోనీ స్వదేశంలో ఉందిగా అంటారా? ఉంది. 2010 సవరణ ప్రవాసికి ఓటిచ్చింది, కానీ వేయాలంటే మనిషి సొంతూరి బూత్‌కు నడిచి రావాలంది. మన బదులు మరొకరు వేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభ గడప తొక్కకుండానే కాలం చేసింది. అందుకే 2024 మే 13న పోలింగుకు కొందరు పౌరుషవంతులు విమానమెక్కి వెళ్ళి వేలికి సిరా పూయించుకుని ఫొటో పెట్టారు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన సిరా చుక్క అదే.

మరి జర్మన్ పౌరసత్వం? 2024 జూన్ 27 నుంచి ఐదేళ్ళకే ఇస్తున్నారు, రుసుము 255 యూరోలు. జర్మనీ రెండు పాస్‌పోర్టులకు ఒప్పుకున్నా భారత్ ఒప్పుకోదు గనక నీలి పాస్‌పోర్టు వదులుకోవాలి. అక్కడ మనసు పీకుతుంది. అర్థం చేసుకోదగ్గ బాధే. అర్థం కానిదల్లా, ఆ బాధ తేలకముందే ఏ పార్టీకి ఎన్ని సీట్లివ్వాలో పంచేయడం.

టెక్నాలజీ పార్టీ అంటే వీళ్ళకు కావలసిందేమిటో ఒకసారి విన్నాను. ఆఫీసు అపాయింట్‌మెంటు యాప్‌లో దొరకాలి. ఉత్తరాలు పోస్టులో కాకుండా ఫోనులో రావాలి. ట్రెయిను వేళకు రావాలి. అంతే. పైథాన్, సీ ప్లస్ ప్లస్, యంత్రాభ్యాసం, అన్నీ ఔపోసన పట్టిన బుర్రల రాజకీయ స్వప్నం ఒక స్లాట్ బుకింగ్ దగ్గర ఆగిపోయింది.

ఇంకా విడ్డూరమేమిటంటే, వాళ్ళు ఎదురుచూస్తున్న పార్టీ ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది. 2006 సెప్టెంబర్ 10న బెర్లిన్‌లో పైరేట్ పార్టీ పుట్టింది. మరో మూడు వారాలకు, అక్టోబర్ 2న, మన దగ్గర లోక్‌సత్తా పార్టీగా మారింది. ఇద్దరికీ చదువుకున్న కుర్రకారే దన్ను. 2009లో లోక్‌సత్తాకు కూకట్‌పల్లి ఒక్కటే దక్కింది. మిగతాచోట్ల మనవాళ్ళు "మంచివాళ్ళే, గెలవరు" అని ఓటు మళ్ళించి, వాళ్ళు గెలవకుండా చూసుకుని, "చెప్పానా?" అన్నారు.

అదే 2009లో జర్మనీ కుటుంబ సంక్షేమ మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్, పిల్లలపై అఘాయిత్యాల చిత్రాలున్న వెబ్‌సైట్లకు అడ్డంగా స్టాప్ బోర్డులు పెట్టే చట్టం తెచ్చారు. బొమ్మలు తీసేయకుండా బోర్డు పెట్టడమేమిటి, రేపు ఇంకే సైటుకు పెడతారు అని లక్షా ముప్ఫై వేలకు పైగా జనం పార్లమెంటుకు అర్జీ పెట్టారు. పైరేట్లకు గాలి తగిలింది. ఆ చట్టం ఒక్కరోజూ అమలు కాకుండా 2011 డిసెంబర్లో రద్దయింది. అదే ఏడాది సెప్టెంబర్లో బెర్లిన్ రాష్ట్ర ఎన్నికల్లో పైరేట్లకు 8.9 శాతం వచ్చింది. జాబితాలో పెట్టిన 15 మందీ గెలిచారు. ఓటరు ఇంకాస్త ఉదారంగా ఉంటే కూర్చోబెట్టడానికి మనుషులు దొరికేవారు కాదు.

తర్వాత జరిగింది మనం సొసైటీ ఎన్నికల్లో చూసేదే. నాయకుడన్నవాడు కనిపిస్తే కుళ్ళబొడిచారు. ప్రతి సభ్యుడూ ప్రతి తీర్మానం మీదా వేలు పెట్టేలా ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు, ఆ సాఫ్ట్‌వేర్ వాడాలా వద్దా అని కొట్టుకున్నారు. కాపీ స్వేచ్ఛ కోసం పుట్టిన పార్టీలో జాతీయ కార్యవర్గ సభ్యురాలు ఒకరు 2012లో పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా పుస్తకం వేస్తే, దాన్ని ఉచితంగా పంచినవారి మీద ఆ సంస్థ విరుచుకుపడింది. 2012 వసంతంలో సర్వేల్లో రెండంకెలకు ఎగబాకినవాళ్ళు 2013 పార్లమెంటు ఎన్నికల్లో 2.2 శాతానికి, 2021లో 0.4కి దిగారు. 2025లో పట్టికలో కనిపించింది సున్నా, చుక్క, మళ్ళీ సున్నా. ఈ పతనంలో వాళ్ళ స్వయంకృతం పెద్దదే. నేను వెనకేసుకురాను.

కానీ మన ఫోను, కంప్యూటర్ ఎవరు చదవొచ్చని వాళ్ళు అడిగిన ప్రశ్న తప్పా? బవేరియాకే రండి. పోలీసులు అనుమానితుల కంప్యూటర్లలో దొంగ సాఫ్ట్‌వేర్ దించి స్కైప్ మాటలు వినాలనుకుంటున్నారని తెలిపే కాగితాన్ని 2008 జనవరిలో పైరేట్లు బయటపెట్టారు. ప్రభుత్వం ఏం చేసింది? ఆ సెప్టెంబర్లో పార్టీ ప్రతినిధి ఇంటికి సోదా పంపింది. మూడేళ్ళకు నిజం తేలింది. మ్యూనిక్ విమానాశ్రయ తనిఖీలో ఒకాయన లాప్‌టాప్‌లో పెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ అరనిమిషానికొకటి చొప్పున అరవై వేల తెర చిత్రాలు తీసింది. అది చట్టవిరుద్ధమని లాండ్స్‌హూట్ కోర్టు 2011లో చెప్పింది. లాండ్స్‌హూట్‌కు ఇలాంటి రహస్యాల తవ్వకం కొత్త కాదు లెండి. ఇంగోల్‌స్టాట్ ప్రొఫెసర్ ఆడం వైస్‌హాప్ట్ 1776లో పెట్టిన ఇల్యుమినాటి రహస్య సంఘం కాగితాలను 1786లో అక్కడే ఒక సభ్యుడి ఇంట్లో పట్టుకుని, మరుసటేడు ప్రభుత్వమే అచ్చేయించింది. అప్పుడు తలుపు తట్టి వచ్చేవారు, అదొక మర్యాద.

ఈ ప్రశ్నలడిగినవాళ్ళు టెక్నాలజీ వ్యతిరేకులట. మరి ఎవరు అనుకూలురు? 2019 మార్చిలో ఇంగోల్‌స్టాట్ టౌన్‌హాల్ ముందు ఎయిర్‌బస్ ఎగిరే టాక్సీని ఆవిష్కరించారు. కేంద్ర రవాణా మంత్రి ఆండ్రియాస్ షాయర్ వచ్చారు, డిజిటల్ వ్యవహారాల సహాయమంత్రి డొరొథే బేర్ వచ్చారు, ఇద్దరూ బవేరియాను ఏలే సీఎస్‌యూ పార్టీవారే, కెమెరాలు వచ్చాయి. టాక్సీ మాత్రం ఆ రోజు ఎగరలేదు. అదే ఏడాది ఆడీ తన ఎగిరే టాక్సీ పథకాన్ని ఆపేసింది. 2025 జనవరిలో ఎయిర్‌బస్ కూడా విరామం ప్రకటించింది. ఆ రవాణా మంత్రిగారి రోడ్డు సుంకం పథకం కోర్టులో కూలి, జర్మన్ ఖజానా 243 మిలియన్ యూరోల పరిహారం కట్టింది. అయినా బవేరియా ప్రభుత్వంలో సీఎస్‌యూ కుర్చీ కదల్లేదు. ఎగరని టాక్సీ చూపించినవారు అభివృద్ధికాముకులు, ఫోనుకు తాళం అడిగినవారు పిచ్చివాళ్ళు.

మన ఇళ్ళలోనూ ఇదే కొలత. టెక్నాలజీ నాయకుడంటే లాప్‌టాప్ పట్టుకున్న చంద్రబాబు గుర్తొస్తారు. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది, దాని నీడలోనే మనలో చాలామంది ఉద్యోగులమయ్యాం, కాదనను. 2004లో ఆయన పార్టీ 47 సీట్లకు పడిపోతే మనం చెప్పుకున్న కారణం కరువు కాదు, కరెంటు కాదు: జనానికి టెక్నాలజీ అర్థం కాలేదు! మరి అర్థమైన మనమేం చేశాం? తెలంగాణలో గత ప్రభుత్వ కాలంలో ఫోన్లు విన్నారంటూ 2024 మార్చిలో హైదరాబాద్‌లో కేసు నమోదైతే, విన్నది నిజమా, ఏ చట్టం కింద అని కాక, విన్నది ఏ పార్టీవాళ్ళవి అని అడిగాం. మనవాళ్ళవైతే ఘోరం, వాళ్ళవైతే నిఘా నైపుణ్యం.

ఇక చివరి అస్త్రం: "సీట్లు రావడానికి కావలసిన ఐదు శాతం దాటదు, ఓటు వృథా." జర్మనీలో పార్లమెంటు ఎన్నికల్లో అర శాతం దాటిన పార్టీకి ఓటుకింత అని ఏటా ప్రభుత్వ నిధి అందుతుంది, ఓటుకు ఇంచుమించు ఒక యూరో. ఓడిన ఓటు కూడా కరెంటు బిల్లు కడుతుంది. బవేరియా మున్సిపల్ ఎన్నికల్లో అడ్డుగీతే లేదు. 2024 యూరోపియన్ ఎన్నికల్లో జర్మనీలో అసలు లేదు: 0.6 శాతంతో మూడు చిన్న పార్టీలకు తలా ఒక సీటొచ్చింది. పైరేట్లకు 0.5 శాతం, సీటు సున్నా. యూరప్ పౌరుల చాటింగులు తనిఖీ చేయాలన్న 2022 నాటి ప్రతిపాదన మీద పోరాడగలిగిన ఆ ఒక్క జర్మన్ పైరేట్ కుర్చీ అలా పోయింది. ఆ ప్రతిపాదన తెచ్చిన యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఎవరో తెలుసా? స్టాప్ బోర్డుల ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ గారే. పార్టీ సన్నబడింది, ఆమె పదవి పెరిగింది.

తర్వాతి యూరోపియన్ ఎన్నికలు 2029లో. అప్పటికి రెండు శాతం గోడ కట్టడానికి జర్మన్ పార్లమెంటు 2023లోనే ఒప్పుకుంది, మిగతా దేశాలు కదిలితే కట్టేస్తారు. కాబట్టి ఇంగోల్‌స్టాట్ మిత్రులారా, పాస్‌పోర్టు మార్చుకునేవాళ్ళు మార్చుకోండి, మార్చుకోనివాళ్ళు కనీసం వాదన తగ్గించి మీ ఫోను ఎవరు చదవొచ్చో ఆ చట్టం చదవండి.