చిత్రగుప్తుల వారికి ఒక ఖాతా సవరణ విన్నపం

శ్రీ చిత్రగుప్తుల వారి దివ్యసముఖానికి,
సంయమనీపురం.

అయ్యా,

కిందటేడు జూన్‌లో గుంటూరు నుంచి పన్నెండు మందిమి కలిసి కేదారనాథ్ వెళ్ళొచ్చాం. ఆ పుణ్యం తమరు ఈపాటికి నా పేర ఎక్కించే ఉంటారు. అందులో పొరపాటు దొర్లింది. గౌరీకుండ్ నుంచి గుడి దాకా 16 కిలోమీటర్ల కొండదారి. నేను అడుగు తీసి అడుగు వెయ్యలేదు. నడిచింది నా కింద ఉన్న జంతువు. కాబట్టి సదరు పద్దు కొట్టేసి దాని పేర రాయవలసిందిగా కోరుతున్నాను.

దాని పేరేమిటని అడుగుతారు. నేను అడగలేదండీ. అసలది గుర్రమో కంచరగాడిదో కూడా చూసుకోలేదు. అక్కడ నాలుగు కాళ్ళున్నదాన్నల్లా మనవాళ్ళు గుర్రమనే అంటారు. తేడా తెలిస్తే లెక్క మారుతుంది మరి. బరువులు మోసే జంతువులను హింసించకూడదంటూ మన ప్రభుత్వం 1965లో చేసిన నిబంధనల్లో కంచరగాడిదకు 200 కిలోలు, పోనీకి 70 కిలోలు మించి ఎత్తకూడదని ఉంది. నేను 86. వీపు సంచితో 94. మనిషిని మూటల లెక్కలో చూడవచ్చా అని వకీళ్ళు వాదించుకుంటే వాదించుకోనివ్వండి, మోసేదానికి ఆ తేడా తెలియదు. నన్నెవరూ తూచలేదు, నేనూ తూచమనలేదు. పోనీ అని తెలిస్తే మాత్రం దిగేవాణ్ణా? "పోనీలెద్దూ" అనేవాణ్ణి.

ఇక అసలు నేరం. 2013 వరదలో దారి మధ్యనున్న రాంబాడా కొట్టుకుపోయాక, దారి అక్కడ మందాకిని నది దాటి అవతలి కొండ పట్టుకుంది. అక్కణ్ణుంచి లించోలీ దాకా నిటారు ఎక్కుడు. పైన సన్నగా వాన. మా గుర్రాలన్నీ ఒకదాని తోకను ఇంకొకటి మూతితో రాసుకుంటూ నడుస్తున్నాయి. అందరం ఒకే ఫోటోలో పడాలని మా బావమరిది పట్టు! ముందుదానికీ వెనకదానికీ మధ్య ఇంకో గుర్రం పట్టేంత జాగా వదలాలని, లేకపోతే తన్నులు తప్పవని, స్వారీ నేర్పే చోట మొదటి రోజే చెబుతారు. మాకు మొదటి రోజే లేదు, ఏకంగా కేదారమే.

గుర్రం తోలే కుర్రాడు వెనక నుంచి "ఆగే! ఆగే!" అని కేక పెట్టాడు. ఎక్కుడులో ఒళ్ళు ముందుకు వంచాలి, దిగుడులో వెనక్కి వాలాలి, అప్పుడే దానికి కాలు నిలుస్తుంది. పాపం, వాడు హిందీలో చెప్పింది ముందుకు వంగమని. నాకు తెలుగులో వినబడింది. ఆగమంటున్నాడనుకుని దాని మెడ మీదున్న తాడు పట్టి బలంగా గుంజాను. తల పైకి లేచింది. గిట్ట తడిరాయి మీద జారింది. వెనకది వచ్చి గుద్దింది. నాది మోకాళ్ళ మీద కూలబడింది. నేను కొండవైపు బురదలో పడ్డాను. లోయవైపు పడి ఉంటే ఈ విన్నపం స్వయంగా తెచ్చి సమర్పించుకునేవాణ్ణి.

పదకొండు మందీ నా చుట్టూ మూగారు. దెబ్బ తగిలిందా బావా, కాస్త గ్లూకోజు తాగన్నయ్యా. కుర్రాడూ ముందు నా చొక్కాయే దులిపాడు, కూలి ఇచ్చేవాణ్ణి నేను గనక. దాని మోకాలి తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది. అది చూసి కూడా నేనేం చేశానో మీ చిట్టాలో ఉండే ఉంటుంది. మళ్ళీ ఎక్కాను.

"డబ్బిచ్చాంగా" అన్నదే మా ధర్మశాస్త్రం. గుర్రం వాడిది, కూలి మనది, దెబ్బ దేవుడిది. గుర్రాలవాళ్ళకు దయ లేదని, తెగ కొడతారని ఇంటికొచ్చాక అందరం తిట్టాం. "తొందరగా పోనివ్వు, దర్శనం వేళ దాటిపోతుంది" అని దారంతా వాడి ప్రాణం తీసింది మేమేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ 1965 నిబంధనల్లోనే ఏకబిగిన ఐదు గంటలకు మించి, రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదని ఉంది. దారిలోని భీంబలిలో నా గుర్రం నీళ్ళ తొట్టి దగ్గర ఆగితే "ఇంకెంతసేపు?" అన్న గొంతు నాదే. 2025 మేలో ఆ దారిలో గుర్రాలు జబ్బుపడి, కొన్ని చచ్చిపోతే వాటి రాకపోకలు ఆపేశారు. ఆ వార్త చూసి మా ఇంట్లో వచ్చిన మొదటి మాట: "మరి మనుషులెలా ఎక్కుతారు?"

హిమాలయాల్లోనే, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు సంగతి తమ ప్రభువులకు నేను చెప్పాలా? ఆ కుక్క వారే.

కనుక, దర్శనం పుణ్యం దాని ఖాతాకు, మోకాలి గాయం నా ఖాతాకు మార్చండి. మళ్ళీ వెడితే సంచి విడిగా పంపుతాను, నిటారు చోట్ల దిగి నడుస్తాను. నడవగలను, అందుకు రుజువు కూడా జతచేస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
94 కిలోల యాత్రికుడు

జతపరచినవి: తూకం చీటీ 1. రోజూ గంటసేపు నడిచి తీరాలని మా డాక్టరు గారు రెండేళ్ళ కిందట రాసిచ్చిన చీటీ 1.