మావగారి ఎక్స్‌రేలో చేప

బ్లీచింగ్ మావయ్య ఎదుట నల్లచొక్కా తొడుక్కుని నిలబడకూడదు. కుశలమడుగుతూనే చెయ్యి చాచి కాలరు అంచు పట్టుకుంటాడు. బొటనవేలితో ఒకసారి నలిపి, "కాటనేనా?" అంటాడు. అవునన్నారో, ఆ చొక్కా ఇక మీది కాదు.

ఇలాంటి మనిషి ఏ ఊళ్లోనైనా దొరకొచ్చు. చెన్నై ఉత్తరపు అంచున ఉన్న ఎన్నూరులో దొరికేవాడికి మాత్రం కొన్ని గుర్తులుంటాయి. మూలాలు నెల్లూరు వైపు. బంధువుల పెళ్లంటే ఇప్పటికీ సూళ్లూరుపేట లోకల్ రైలే గతి. ఉద్యోగం చేసింది లారీల ఫ్యాక్టరీలో. 1948లో అశోక్ మోటార్స్‌గా మొదలై 1955లో అశోక్ లేలాండ్ అయిందే, అందులో. ఉన్నన్నాళ్లూ రేకు స్టెన్సిళ్లు పెట్టి అంకెలూ అక్షరాలూ స్ప్రే కొట్టిన చెయ్యది. రిటైరయ్యాక లారీలు దొరకవు కదా, బ్లీచుతో బొమ్మలు వేస్తానని ఇంట్లో బట్టల మీద పడ్డాడు.

స్టెన్సిలుకి అట్ట పనికిరాదని మావయ్య సిద్ధాంతం. తడిస్తే ఉబ్బుతుంది, అంచు కింద నుంచి బ్లీచు పాకి బొమ్మ అలుక్కుపోతుంది. ఎక్స్‌రే ఫిల్మే కావాలి. పాతకాలం ఫిల్మును బ్లీచులో నానేసి గుడ్డతో తుడిస్తే మీది నల్లటి పూత జారిపోయి, లేతనీలం ప్లాస్టిక్ రేకు మిగులుతుంది. దానికి తడి భయం లేదు, వందసార్లు వాడొచ్చు. ఇప్పుడన్నీ ఫోనుకే వచ్చేస్తున్నాయి గనక పాత ఫిల్ముల కోసం మావయ్య ఇంటింటా బీరువాల అడుగులు వెతికిస్తాడు. ఎవరికైనా ఒంట్లో బాగోలేదని తెలిస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న, "ఇదివరకు ఎప్పుడైనా ఎక్స్‌రే తీయించారా?"

ఆయన మొదటి గొప్ప స్టెన్సిలు పోయిన మావగారి ఛాతీ ఎక్స్‌రే. పూతంతా తుడవకుండా సగం మచ్చలుండగానే బ్లేడు పెట్టి, సరిగ్గా ఊపిరితిత్తులున్నచోట చేపను కోశాడు. అత్తయ్య చూసింది. "మా నాన్న బతికుండగా చేప వాసన పడేది కాదండీ. పోయాక గుండెల్లోనే పెట్టారు," అంది. ఆ చేప తర్వాత నాలుగు చొక్కాలకీ, రెండు లుంగీలకీ, ఒక కూరగాయల సంచికీ ఎక్కింది.

అసలు తిప్పలు అక్షరాల దగ్గర వచ్చాయి. రేకులో సున్న కోస్తే మధ్య ముక్క ఊడి కిందపడుతుంది. ఇంగ్లీషులో ఈ బాధ ఓ, ఏ, డీ లాంటి కొన్నిటికే. మన లిపిలో గుండ్రాలకు లోటేముంది? ఠ, ం లాంటివి కోస్తే మిగిలేది కన్నమే. లారీల మీద చేసినట్టు ప్రతి గుండ్రానికీ సన్నటి కమ్మీలు వదిలితే, ఆ కమ్మీలు కూడా అక్షరంలో భాగమనుకుని చదివేవాళ్లు తికమకపడ్డారు. జపాన్‌లో కతగామి అనే కాగితపు స్టెన్సిళ్లుంటాయి, కిమోనో గుడ్డ మీద అద్దకానికి వాడతారు. రెండు పొరల మధ్య సన్నటి పట్టుదారాలు పరిచి, విడిపోయే ముక్కలను వాటితో పట్టి ఉంచేవారు. కూతురు ఈ సంగతి చెప్పగానే మావయ్య జాలర్ల దగ్గరకు పరుగెత్తి, వల అల్లే నైలాన్ దారం తెచ్చుకున్నాడు. గుండ్రం నిలిచింది. దారం గీత చొక్కా మీద ఇంచుమించు కనిపించదు. ఎన్నూరులో కతగామికి నైలాన్ దారం పడిందని ఆయన గర్వం.

పని జరిగేది మేడ మీద, గాలి బాగా ఆడేచోట. బ్లీచుకి సమానంగా నీళ్లు కలిపి స్ప్రే సీసాలో పోస్తాడు. వీపు గుడ్డకు దిగకుండా చొక్కా లోపల అట్ట దూరుస్తాడు. రేకు పెట్టి, అంచులకు రాళ్లుంచి, ఎడంగా నాలుగు చిమ్ములు. తర్వాత ఊపిరి బిగబట్టి చూడటమే. నలుపు ముందు గోధుమరంగులోకి దిగుతుంది, కాసేపటికి ఇటుక ఎరుపు, ఆ మీదట నారింజ. ఏ నలుపు ఎక్కడ ఆగుతుందో చొక్కా తయారుచేసినవాడికీ తెలీదు. ఒక కంపెనీ నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది, ఇంకోటి గులాబీకి. ఆగాల్సిన క్షణంలో మావయ్య "నీళ్లు!" అని కేకేస్తాడు. ఇంటిల్లిపాదీ బకెట్లతో పరుగెత్తాలి.

కడిగినంత మాత్రాన అయిపోదు. పోగులో మిగిలిన బ్లీచు నెమ్మదిగా గుడ్డను తినేస్తుంది, నెల తిరిగేసరికి చేప బొమ్మ స్థానంలో చేప ఆకారం చిల్లు మిగులుతుంది. దీనికి విరుగుడు ఫొటో స్టూడియోలవాళ్ల హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. కూతురు ఫోనులో చూసి వెనిగర్ పోద్దామంది. మావయ్య ససేమిరా అన్నాడు. బ్లీచులో పులుపు పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది. వాయువుల విషయంలో ఎన్నూరువాడితో వాదించకూడదు. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి ఎరువుల ఫ్యాక్టరీ సముద్రపు గొట్టంలోంచి అమోనియా లీకైనప్పుడు జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్ల మీదికి పరుగెత్తిన ఊరిది. మావయ్య మేడ మీద సీసా మూత తీస్తే చాలు, పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూస్తారు, "గ్యాసా, మావయ్యా?" అని. "కళ!" అంటాడాయన. కిటికీ మాత్రం మూసుకుంటుంది.

ఆయన చేస్తున్నది ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. దక్షిణంగా కొన్ని స్టేషన్లు దాటితే వాషర్‌మెన్‌పేట. ఈస్టిండియా కంపెనీ ఎగుమతి గుడ్డలను ఉతికి తెల్లబరిచేవాళ్లు స్థిరపడిన పేట. అప్పట్లో తెల్లబరచడమంటే ఎండా, నీళ్లూ, ఓపికా. కలంకారీవాళ్లు ఇవాళ్టికీ పేడనీళ్లలో నానేసి ఎండకు వేస్తారు. ఫ్రాన్సులో బెర్తొలే 1780లలో క్లోరిన్‌తో ఆ పని చాలా త్వరగా తేలే దారి చూపాడు. 1799లో స్కాట్లండులో టెనెంట్ బ్లీచింగ్ పౌడరుకి పేటెంటు తీసుకున్నాడు. వాన వెలిశాక కార్పొరేషన్‌వాళ్లు కాలవ పక్కన చల్లుతారే, ఆ పొడే. వాళ్లు చల్లుతుంటే మావయ్య చూసే చూపు అంత మంచిది కాదు.

అన్నిటికన్నా ఆయన్ను కుంగదీసింది పాలిస్టర్. వీధి కుర్రాళ్లు ఫుట్‌బాల్ జట్టు జెర్సీలు మూటగట్టి తెచ్చారు, వెనక పేర్లు వేయమని. బ్లీచు కొట్టాడు. రంగు చలించలేదు. మళ్లీ కొట్టాడు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆనాటి నుంచి పరీక్ష మొదలైంది: కుట్టులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తాడు. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే కాటన్, కరిగి గట్టి పూసైతే పాలిస్టర్. వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు, ఉన్ని; వాటి జోలికి పోకూడదు, బ్లీచు వాటిని కరిగించేస్తుంది. ఈ మూడో సంగతి తెలిసిన రోజే అత్తయ్య కంచిపట్టు చీరల బీరువాకి తాళం వేసింది. తాళంచెవి ఎక్కడుందో మావయ్య ఇంతవరకూ కనుక్కోలేదు.

మిచౌంగ్ తుఫాను వరదలో మనలి వైపు నుంచి చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు ముఖద్వారంలో పరుచుకున్నప్పుడు, తెలిసిన జాలరి ఒకాయన తారులా నల్లబడ్డ చొక్కా తెచ్చాడు. మావయ్య బ్లీచుకు అది లొంగలేదు. బ్లీచు రంగును విరుస్తుందిగానీ చమురును కదపలేదు. చివరికి మరకను వదిలేసి, దాని చుట్టూ ఉన్న నీలం మీద పడవ అంచు కోసిన రేకు పెట్టి చిమ్మాడు. మరక పడవ కడుపైంది. జాలరి నవ్వలేదు, పొగడలేదు. వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంటి ఆర్థికశాఖకు ఈ కళ పడదు. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ గంప దించితే, రెండు ప్యాంట్లూ ఒక చీరా ఇచ్చి మూతగిన్నె పుచ్చుకోవడం అత్తయ్య లెక్క. మావయ్య చేపలు వేసినవి ముందు పెడితే ఆవిడ వెలుతురుకి ఎత్తిచూసి, "ఇదు వేండామ్మా, కరై," అని పక్కకు నెట్టేసేది. ఇది వద్దమ్మా, మరక అని. భోగి మంటలో వేద్దామంటే ఆయన అడ్డుపడతాడు. పైగా వీధిలో వాళ్ల మంటల్లోంచి కూడా కాటన్‌వి ఏరుకొస్తాడు.

మొన్న గంప ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి కొంగులోంచి తన కొడుకు నల్ల టీషర్టు తీసింది. వాడికి పులిబొమ్మ కావాలట. మావయ్య అగ్గిపెట్టె తెచ్చి పోగు కాల్చాడు. కాటనే. కూలిగా గిన్నె మూత ఒకటిస్తానందావిడ. మావయ్య అప్పటికే ఎక్స్‌రేల కట్ట విప్పుతున్నాడు, సరేననబోయాడు.

"మూతతో కుదరదు," అంది అత్తయ్య లోపల్నుంచి. "పులంటే చారలుంటాయి. డబరా గ్లాసు ఇవ్వమనండి."