మొక్కతోట లేని కార్శి

చెరకులో కార్శి ఎప్పుడొస్తుందో ఉయ్యూరు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొక్కతోట నరికాక మిగిలిన మోళ్ల నుంచే వస్తుంది. ఆ రైతు బిడ్డ డిగ్రీలో చేరితే మాత్రం మన ఉన్నత విద్యామండలి వారు రెండూ ఒకేసారి పండించేస్తామన్నారు.

2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టుండే సింగిల్ మేజర్ విధానం తెచ్చినప్పుడు బీఎస్సీలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు పెట్టారు. ఒకటి ఆ శాస్త్రాల ‘ఎసెన్షియల్స్’, రెండోది ‘అడ్వాన్సెస్’. ప్రాథమికమూ ఉన్నతమూ ఒక్క సెమిస్టర్‌లోనే! 2022 డిసెంబరులో యూజీసీ తన డిగ్రీ చట్రంలో, కోర్సు నంబర్లు 100 నుంచి పునాది కోర్సులు, 200 నుంచి మధ్యస్థం, 300 నుంచి పై స్థాయి, 400 నుంచి అడ్వాన్స్‌డ్ అని వరుస చెప్పింది. అంతదాకా ఆగే ఓపిక మనకెక్కడిది?

పోనీ, ఆ అడ్వాన్సెస్‌లో ఏముంది? మొదటి యూనిట్ ‘మౌలిక గణితంలో అడ్వాన్సెస్’ అట. ఈ పేరు పెడుతూ నవ్వాపుకున్నవారి నిగ్రహానికి దండం పెట్టాలి. లోపల సరళరేఖలు, అవధులు, అవకలనాలు. ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో చదివినవే. పేజీ తిప్పితే క్వాంటమ్ డాట్లు, నానోవైర్లు, క్వాంటమ్ కమ్యూనికేషన్. చివర్లో కంప్యూటర్ల ‘అడ్వాన్స్‌డ్’ యూనిట్. అది మొదలయ్యేది బైనరీ సంఖ్యలతో.

ఎంపీసీ నుంచి వచ్చిన పిల్ల సరళరేఖల దగ్గర ఆవలిస్తుంది, క్వాంటమ్ దగ్గర బెదురుతుంది. బైపీసీ చదివి కెమిస్ట్రీలో చేరినవాడు రెండుచోట్లా బెదురుతాడు. అయినా భయం లేదు, బట్టీ ఉంది. బట్టీకి ఎసెన్షియల్, అడ్వాన్స్‌డ్ అన్న తేడాల్లేవు. పది మార్కుల జవాబు ఏదైనా రెండు పేజీలే. ఇక పాఠం చెప్పడానికి ఒక్క పేపర్‌ను లెక్కల మాస్టారు, ఫిజిక్స్ సారు, కెమిస్ట్రీ మేడమ్, కంప్యూటర్ సారు వాటాలేసుకోవాలి. మేజర్ అంటే ఒక సబ్జెక్టును లోతుగా చదవడమన్నారు కదా, ఆ సబ్జెక్టు ముఖం కనబడేది రెండో సెమిస్టర్‌లో!

2015-16లో కోర్సులు ఎంచుకునే క్రెడిట్ల విధానం సీబీసీఎస్, 2020-21లో సవరణ, 2023-24లో సింగిల్ మేజర్. ఇన్నిసార్లు మార్చినవారు ఉయ్యూరు డిగ్రీ క్లాసులో వెనక బెంచీ మీద ఓ గంట కూర్చుని ఉంటే బాగుండేది.

సిలబస్ కమిటీ వారికి ఒక్క మనవి. ఈసారి మార్చేటప్పుడు ప్రతి పాఠం పక్కనా, దానికి ముందు పిల్లలకు ఏ పాఠం వచ్చి ఉండాలో రాయండి. రాయలేని పాఠాన్ని మొదటి సెమిస్టర్‌లోంచి తీసేయండి.