ఒక్క సంపాదన, పది నోళ్లు

మా వీధి కరెంటు కాగితం మీద 230 వోల్టులు. మే నెల రాత్రి తొమ్మిదింటికి ఏసీలన్నీ ఒక్కసారి గొంతెత్తాయా, 170. ట్యూబులైటు కన్నుకొడుతుంది, ఫ్యాను పెళ్లికూతురిలా నడుస్తుంది. తెల్లవారుజామున ఏసీలు కట్టేశాక 260కి ఎగబాకుతుంది.

ఈ ఆటుపోట్లకు కంప్యూటరు బలికాకూడదని ఓ యూపీఎస్ కొన్నాను. వోల్టేజి తగ్గితే ఎత్తిపెడుతుందట, పెరిగితే దించుతుందట, మరీ హద్దు దాటితే బ్యాటరీ మీదికి దూకుతుందట. "పది నిమిషాలు ఆగుద్ది సార్. ఆలోగా ఫైలు సేవ్ చేసుకుని మర్యాదగా ఆపేయండి" అన్నాడు కొట్టతను. పెట్టె మీద 600 వీఏ అని ఉంటే అన్ని వాట్లూ నావే అనుకున్నాను. చేతికొచ్చేది 360 వాట్లేనట. జీతానికీ అంతేగా, గ్రాస్ వేరు, ఇంటికొచ్చేది వేరు.

ఇంట్లోవాళ్లకి మాత్రం అది ఉద్యోగమొచ్చిన పెద్దకొడుకులా కనబడింది. మా ఆవిడ వైఫై పెట్టె తగిలించింది. మావాడు టీవీ తగిలించాడు. అమ్మ టేబుల్ ఫ్యాను తెచ్చుకుంది. దోమల బ్యాటు చార్జింగుకని వచ్చి, ఉండిపోయింది. చివరికి లేజర్ ప్రింటరు కూడా చేరి, వేడెక్కడానికి ఒక్క గుటకలో కరెంటు లాగేసరికి యూపీఎస్ కుయ్యోమంది. ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఇంటి పెద్దకొడుకుని కనక నాకైనా వినపడాల్సింది.

మొన్న కరెంటు పోయింది. నేను సేవ్ నొక్కేలోగా యూపీఎస్సూ పోయింది. మెకానిక్ మూత విప్పితే, లోపల ఇటుకంత బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది.

"కొని ఎన్నాళ్లయింది సార్?"

"నాలుగేళ్లు."

"దీని ఆయుష్షే రెండు మూడేళ్లు. మార్చలేదా?"

"పాడవలేదుగా!"

అతను నన్నో చూపు చూసి, "ఎర్తింగ్ గుంటలో నీళ్లు పోస్తున్నారా?" అన్నాడు. తులసికోటకి రోజూ పోస్తాం. గుంట కోసం ఇల్లంతా వెతికితే, మా ఆవిడ క్రోటన్ కుండీ కింద దొరికింది. ఉప్పు, బొగ్గు వేసిన చోట మట్టి ఎండి పగిలి ఉంది. "స్తంభం మీద న్యూట్రల్ తెగిందనుకోండి, ఒకింట్లో దీపం మిణుకుమంటే పక్కింట్లో 400 దాకా ఎక్కొచ్చు. అప్పుడు మీ పెట్టే మిగలదు, టీవీ మిగలదు" అని భయపెట్టి, కొత్త బ్యాటరీ బిగించి వెళ్లాడు.

ఈసారి పట్టుగా ఉన్నాను. కంప్యూటరు తప్ప అన్నీ పీకేసి, "ఇతరులకు ప్రవేశం లేదు" అని చీటీ అంటించాను. రాత్రి కరెంటు పోయింది. పెట్టె నిబ్బరంగా నిలబడింది. నేను సేవ్ నొక్కాను. చీకట్లోంచి అమ్మ గొంతు:

"ఈ చీకట్లో నువ్వు రాసేదేముంది గానీ, ఆ ప్లగ్గు ఇటివ్వరా."