అక్కచెల్లెళ్లు కావలెను (మూడో ఏడాది వచ్చినవాళ్లు కాస్త పక్కకి)

ముందుగా నీ వయసుకు సిగ్గుపడటం నేర్చుకో. ఇరవై ఏళ్లు వచ్చేశాయి. డాలస్‌లో ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, నాన్నకి బోలెడు ఫీజు మిగిల్చి, ఇప్పుడు టస్కలూసాలో అలబామా యూనివర్సిటీకి జూనియర్‌గా ట్రాన్స్‌ఫర్ అయ్యావు. ఇంట్లో నువ్వు బంగారుతల్లివి. గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకుని, చేరినవాళ్లందరినీ అక్కచెల్లెళ్లనే సొరోరిటీల వీధిలో మాత్రం గడువు దగ్గరపడిన సరుకువి. ఫ్రెష్‌మన్‌ని తీసుకుంటే నాలుగేళ్లు చందా కడుతుంది. నువ్వు కట్టేది రెండేళ్లే. అక్కాచెల్లెళ్ల బంధానికి వెల కట్టలేం, నిజమే. కానీ అంత పెద్ద భవనానికి కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలిగా.

చందా సెమిస్టరుకు వేల డాలర్లలో ఉంటుంది. “డబ్బిచ్చి స్నేహితుల్ని కొనుక్కోవడమేంటమ్మా?” అని నాన్న అడుగుతాడు. “నెట్‌వర్కింగ్ నాన్నా” అను. అమెరికా తెలుగు నాన్నలు ఆ మాటకి ఎదురుచెప్పినట్టు నేనింతవరకూ వినలేదు.

ఆగస్టులో, క్లాసులు మొదలవకముందే జరిగే సొరోరిటీల ఎంపికకి, అంటే రిక్రూట్‌మెంట్‌కి, రెండువేల మందికి పైగా వస్తారు. 2021లో వీళ్లు ఏ రోజు ఏం వేసుకున్నారో టిక్‌టాక్‌లో చెబుతుంటే ‘బామా రష్’ పేరుతో లోకమంతా చూసింది. ఆ వీడియోలే నీకు సిలబస్. సంచీలో చిన్న ఫ్యాను, చెమట అద్దుకునే కాగితాలు, బ్యాండ్ ఎయిడ్లు, ఇంకో జత చెప్పులు పెట్టుకో. అక్కడి ఎండ విజయవాడ వాళ్లకి కొత్తేం కాదు. కాకపోతే విజయవాడలో ఆ ఎండలో నవ్వుతూ నిలబడమని ఎవరూ అడగరు.

సొరోరిటీ హౌస్ తలుపు తెరుచుకోగానే గుమ్మం నిండా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ముఖాలు, చప్పట్లు, అందరి నోటా ఒకటే పాట. బెదరకు. ఒకమ్మాయి నీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. నువ్వు మాట మధ్యలో ఉండగానే ఇంకో అమ్మాయి వచ్చి చేరుతుంది, మొదటిది మాయమవుతుంది. నీ మాట మళ్లీ మొదట్నుంచీ: ఊరేది, మేజర్ ఏంటి. మీ అమ్మని అడుగు, ఇవి పెళ్లిచూపులేనని ఇట్టే పోల్చుకుంటుంది. ఒకటే తేడా, ఇక్కడ కబురు మర్నాటికల్లా వచ్చేస్తుంది. ఎందుకు వద్దన్నారో మాత్రం ఇక్కడా చెప్పరు.

ఐదు ‘బ’లు ఎత్తకూడదని సీనియర్లు చెబుతారు: బాయ్స్, బూజ్, బైబిల్, బ్యాలట్, బక్స్. ఇవన్నీ తీసేస్తే మాట్లాడటానికి ఇంకేం మిగిలిందని దిగులుపడకు. కుక్కపిల్ల మిగులుతుంది. నీకు లేకపోతే పక్కింటివాళ్ల దాని గురించి మాట్లాడు.

ట్రాన్స్‌ఫర్ ఎందుకయ్యావని తప్పకుండా అడుగుతారు. ఫీజు కోసమని నిజం చెప్పావంటే ఐదో ‘బ’ కింద దొరికిపోతావు. క్యాంపస్‌లో అడుగుపెట్టగానే సొంతింటికి వచ్చినట్టు అనిపించిందని చెప్పు. అందరూ చెప్పేది అదే కాబట్టి అనుమానం రాదు.

నీలా కమ్యూనిటీ కాలేజీ నుంచి కాక, వేరే యూనివర్సిటీలో ఓ సొరోరిటీలో దీక్ష తీసుకుని వచ్చినదానివైతే? అప్పుడు ఈ తంటాలేవీ లేవు. నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అని 1902లో పుట్టిన సమాఖ్య ఒకటుంది. దాని కింద ఉన్న 26 సొరోరిటీల్లో ఒకదానిలో చేరినవాళ్లకి మిగతా 25 జన్మలో దొరకవు. నీది ఇక్కడా ఉంటే, నిన్ను కలుపుకోవాలా వద్దా అన్నది ఇక్కడి అక్కచెల్లెళ్ల దయ.

చరిత్ర తెలుసని మాత్రం పొరపాటున కూడా బయటపడకు. మగపిల్లల సంఘాలు లోపలికి రానివ్వకపోతే, 1870లో ఇండియానాలో నలుగురు అమ్మాయిలు కప్పా ఆల్ఫా థీటా పెట్టుకున్నారు. అలా గుమ్మం బయట నిలబడ్డవాళ్లు మొదలెట్టిన పద్ధతి ఇది. నల్లజాతి అమ్మాయిలకి ఆ గుమ్మాలు తెరుచుకోకపోతే 1908లో హోవర్డ్‌లో వాళ్లు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. కమలా హారిస్‌ది అదే. అలబామాలోనైతే, 2013లో స్టూడెంట్ల పత్రిక ‘క్రిమ్సన్ వైట్’ ఆ సంగతిని రచ్చకీడ్చాక గానీ తెల్లవాళ్ల సొరోరిటీలు నల్లజాతి అమ్మాయిలకి సరిగ్గా తలుపు తియ్యలేదు. సీనియర్లు పైకి లెక్కపెట్టని ఆరో ‘బ’ ఇది. కుక్కపిల్ల దగ్గరికి తిరిగి వచ్చెయ్.

1998లో హ్యూస్టన్‌లో దక్షిణాసియా అమ్మాయిలు డెల్టా ఫై ఒమేగా పెట్టుకున్నారు. దాని జోలికి అసలే వెళ్లకు. అక్కడ నీ పేరు సహస్ర అయితే సహస్ర అనే పిలిచేస్తారు. ‘సాస్’ అని పిలిపించుకుంటూ నాలుగు రౌండ్లు నెగ్గిన గొప్ప అక్కడెక్కడిది?

చివరి రౌండయ్యాక ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు. ఆ తర్వాత వచ్చిన బిడ్, అంటే చేరమన్న పిలుపు, కాదన్నావంటే, మళ్లీ ఏడాది రిక్రూట్‌మెంట్ దాకా ఈ క్యాంపస్‌లో ఆ 26లో ఏదీ నిన్ను తీసుకోదు. బిడ్ డే నాడు బ్రయాంట్-డెన్నీ స్టేడియంలో కవర్లు చించి, కేకలేసుకుంటూ తమ తమ ఇళ్లకి పరిగెడతారు. నీకు కవరు రాలేదనుకో, హాస్టల్ గదిలో ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టుకుని పడుకో. ఎక్కడో ఒక హౌస్‌లో లెక్క తగ్గుతుంది, ఎవరో చందా కట్టలేక మానేస్తారు. అలా మిగిలిన చోట్లని రిక్రూట్‌మెంట్ అయ్యాక కూడా నింపుకుంటారు. ఫోనొస్తుంది. “మొదటి రోజే నిన్ను అనుకున్నాం” అంటుంది అటువైపు అక్క. “నేనూ మిమ్మల్నే అనుకున్నా” అను. అని, ఫోన్ చేసింది ఏ హౌసో కాస్త నెమ్మదిగా కనుక్కో.