నేను మోసిన మాట: ఒక రేడియో ఆత్మకథ

నేనొక ట్రాన్సిస్టర్ రేడియోను. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో, హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే రోడ్డు పక్కనున్న చాయ్ హోటల్లో, గల్లాపెట్టె పైన అరలో నా కొలువు. నన్ను కొన్న కాలంలో రేడియో ఉంచుకోవాలంటే పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. ఊళ్లో అందరికీ అది సాధ్యమయ్యేది కాదు. అందుకే ఒక్క నా గొంతును పదిమంది కలిసి వినేవారు.

పొద్దున ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలవగానే గ్లాసుల చప్పుడు తగ్గేది. లారీ డ్రైవర్లు, అంగడికొచ్చిన రైతులు, సిరిచెల్మ దిక్కు నుంచి వచ్చిన గోండు పెద్దలు చెవులు రిక్కించేవారు. వార్తలు ముగిశాక అసలు ముచ్చట మొదలయ్యేది. "గట్లనా? నువ్వేమంటవ్ పటేలా?" అని ఒకరు. "నాకైతే నమ్మబుద్ధి అయితలేదు" అని ఇంకొకరు. నేను చెప్పిన ప్రతి మాటా ఆ బల్లల మీద నలిగి, నిగ్గుతేలి, ఆ తర్వాతే ఊళ్లోకి పోయేది.

1981 ఏప్రిల్ 20న మాకు దగ్గరలోని ఇంద్రవెల్లిలో, భూమి హక్కుల కోసం సభకొచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అన్నది సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. అప్పట్లో ఆకాశవాణి ప్రభుత్వ శాఖ. నాలో పలికేది సర్కారు మాటే. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల గోడు నాలో పలకలేదు. హోటల్లో మాత్రం జనం గొంతు తగ్గించుకొని ఇంకో కథ చెప్పుకున్నారు. మా ప్రాంతానికి నిజం నోటిమాటగా చేరింది. కానీ దూరపు పట్టణాల్లో నన్నే నమ్ముకున్నవాళ్ల సంగతేమిటి? చెప్పిన మాట జనాభిప్రాయాన్ని ఎంత మలుస్తుందో, చెప్పకుండా ఆపిన మాటా అంతే మలుస్తుంది.

1986లో ఆదిలాబాద్‌లోనే ఆకాశవాణి కేంద్రం వచ్చింది. కాలక్రమంలో గోండిలోనూ కార్యక్రమాలు వినిపించాయి. మొదటిసారి తన భాష విన్న ఒక ముసలాయన చాయ్ పక్కన పెట్టి, నా దగ్గరికొచ్చి, చివరిదాకా నిలబడే విన్నాడు. జ్వరమొస్తే దవాఖానకు పొమ్మని, పత్తికి పురుగు పడితే ఏం చేయాలో చూడమని సొంత భాషలో చెబితే నమ్మకం కుదురుతుంది. అప్పటిదాకా వినడమే తెలిసిన మనుషులు, తమ మాటను కూడా లోకం వింటుందని గ్రహించారు. నా బతుకులో నేను చేసిన మంచిపని అదే.

తర్వాత జిల్లా పేజీలతో పత్రికలొచ్చాయి, గోడమీదికి టీవీ వచ్చింది. 2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించినప్పుడు జనమంతా ఆ టీవీ ముందే ఉన్నారు. మా మండలంలోని ముఖ్రా-కె గ్రామం చెత్తతో ఎరువు చేసి అమ్ముతోందని బయటి ప్రపంచానికి తెలిసిందీ పత్రికలు, టీవీల వల్లే. మంచిని పదిమందికి చూపిస్తే పక్క ఊరికీ ఆశ పుడుతుంది.

ఇప్పుడు ప్రతి చేతిలో ఒక ఫోను. దాన్ని ఎవరికి వారే చూసుకుంటున్నారు. "నువ్వేమంటవ్ పటేలా?" అని అడిగేవారు లేరు. 2017 డిసెంబర్‌లో ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసులు, లంబాడాల మధ్య గొడవలు రేగినప్పుడు, ఫోన్లలో పుకార్లు వ్యాపించకుండా జిల్లాలో ఇంటర్నెట్టే ఆపేయాల్సి వచ్చింది. 2018 మే నెలలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పాకిన పుకారు తెలంగాణలో అమాయకుల ప్రాణాలు తీసింది. నేను పలికితే ఆ మాటకు ఆకాశవాణి పేరుండేది, తప్పయితే నిలదీసే చోటుండేది. ఆ పుకారుకు తల్లీ తండ్రీ లేరు.

పత్రికైనా, టీవీ అయినా, ఫోనైనా మీకు మాటను తెచ్చి ఇవ్వగలదు. తూచుకోవాల్సింది మీరే. ఏ వార్త వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు చెప్పారు? ఎవరు కళ్లారా చూశారు? ఇందులో ఎవరి మాట లేదు? జవాబు దొరికేదాకా ఇంకొకరికి పంపకండి.